బాతు బొమ్మ వెనుక తాళంచెవి

గంగారాం చేతులు అప్పటికే కంప్యూటర్ పెట్టె పక్క రేకును ఊడదీశాయి. లోపల ఫ్యాన్ రెక్కల మీద దూది నూగు పేరుకుపోయి పిల్లితోకలా వేలాడుతోంది. బట్టలు కుట్టే చోట ఉన్న కంప్యూటర్లన్నీ ఇంతే. అతను చొక్కా జేబులోంచి చిన్న కుంచె తీశాడు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసిన కాలంలో నూలు పీచు దులపడానికి వాడిన కుంచె అది. వెంట్రుకలు అరిగి సగమయ్యాయి, పట్టుకునే కట్టె మాత్రం అతని బొటనవేలి ఆకారానికి లొంగిపోయి ఉంది. రెక్కకూ రెక్కకూ మధ్య కుంచె దూర్చి, నూగును మెల్లగా లాగి, ఉండ చేసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

తెర మీద ఏం తప్పు వచ్చిందని పిలిచినా సరే, గంగారాం పని ఇక్కడే మొదలవుతుంది. ముందు పెట్టె విప్పుతాడు, దుమ్ము తీస్తాడు, ఫ్యాన్ తిరిగే తీరు చూస్తాడు. ఆ తరువాతే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. కొందరు విసుక్కుంటారు. విసుక్కోవడం అతనికి పెద్దగా వినపడదు.

పక్కన నిలబడిన శేషారత్నం విసుక్కోలేదు గానీ ఆమె చేతులు ఊరుకోవడం లేదు. మెడలోని కొలత టేపును చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది. అతను రేకు బిగించి, తెర ముందు కూర్చున్నాక ఆమె గొంతు పెంచి చెప్పింది.

"మీరు మెషిన్ మార్చొద్దన్నారు గంగారాం గారూ. మార్చలేదు. దీపావళికి ఇల్లంతా కడిగించాను, ఈ బల్ల మాత్రం కదపనివ్వలేదు. అయినా ఎందుకిలా అయింది?"

"జర చూడనియ్యుండ్రమ్మా," అన్నాడు గంగారాం.

సూరత్‌లోని ఉధనాలో ఒక మేడ కింది భాగంలో ఉంది ఆ కుట్టుపని గది. వరసగా కుట్టు మిషన్లు, గోడవారగా దుప్పట్ల గుడ్డ తానులు. హజీరా వైపు ఉన్న ఒక పెద్ద కర్మాగారం అతిథి గృహాలకు దుప్పట్లు, దిండు గలీబులు, తెరలు ఇక్కడి నుంచే వెళ్తాయి. దాన్ని మొదలుపెట్టింది శేషారత్నం భర్త త్రివిక్రమరావు. రైల్వే స్టోర్సులో ఉద్యోగం చేసి, ముందుగానే విరమణ తీసుకుని, ఈ గది అద్దెకు పట్టాడు. కిందటి వానాకాలం మొదట్లో గుండెపోటుతో పోయాడు. అతని పేరు మీదున్న ఒప్పందం అతనితోనే అయిపోయింది. కొత్తది కావాలంటే ఇప్పుడు ఇంటర్నెట్టులో టెండరు వేయాలి. దాని మీద సిరా సంతకం చెల్లదు. కంప్యూటర్ చేసే సంతకం కావాలి, అదీ శేషారత్నం పేరు మీద.

టెండరుకు గడువు రేపు మధ్యాహ్నం. అది దాటిపోతే ఈ గదికి వేరే పని లేదు. పల్సానా నుంచి ఒకాయన వచ్చి మిషన్లు చూసి, ధర కూడా అడిగి పోయాడు. ఆమె ఇంకా ఏ మాటా చెప్పలేదు.

ఆ సంతకం కోసం దీపావళికి ముందు గంగారామే వచ్చి అర్జీ పెట్టించాడు. ఇలాంటి పనులు చేయించే ఏజెంటు ఒకడు రింగ్ రోడ్డులో ఉన్నాడు. కంప్యూటర్లతో చిక్కు వచ్చిన చోటికల్లా గంగారామును పంపుతాడు. చిక్కు రాని చోటు తక్కువ. సంతకాల కంపెనీ వాళ్ళ పేజీ పాత బ్రౌజరులో తప్ప తెరుచుకోదు. తెరుచుకున్నా పైన పసుపుపచ్చ పట్టీ ఒకటి వచ్చి అడ్డం పడుకుంటుంది. దాన్ని నొక్కి అనుమతి ఇవ్వాలి, లోపల మూడు నాలుగు చోట్ల కట్టేసి ఉన్నవి విప్పాలి. అప్పుడు బ్రౌజరు ఒక తాళాన్నీ తాళంచెవినీ జతగా పుట్టిస్తుంది. తాళం కంపెనీకి పోతుంది. చెవి మాత్రం యంత్రం లోపలే, ఎవరి కంటికీ కనపడని చోట దాక్కుంటుంది. కంపెనీ వాళ్ళు కాగితాలన్నీ చూసుకుని, తాళం మీద పేరు చెక్కి తిరిగి పంపుతారు. అదే సర్టిఫికెట్. అది వచ్చి, దాగిన చెవిని కలిస్తేనే సంతకం. చెవి లేని సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు. అందుకే ప్రతి ఇంట్లోనూ గంగారాం వెళ్ళేముందు ఒకటే మాట చెబుతాడు, సర్టిఫికెట్ వచ్చేదాకా ఈ మెషిన్ మార్చవద్దని.

ఇక్కడ సర్టిఫికెట్ వచ్చింది. చెవి కనపడటం లేదు.

తెర మీద కొత్త బ్రౌజరు గుర్తు ఒకటి ఉంది. దీపావళి సెలవులకు వడోదర నుంచి వచ్చిన కొడుకు కౌండిన్య వేగంగా ఉంటుందని వేసిపోయాడని శేషారత్నం చెప్పింది. బ్రౌజర్లు ఒకదాని తాళాలు మరొకదానికి చూపించవు. ఎవరి పెట్టె వారిదే. గంగారాం దాన్ని మూసి, మూలకు నెట్టేసిన పాత బ్రౌజరును వెతికి తెరిచాడు. సర్టిఫికెట్ మీద నొక్కాడు. చిన్న పెట్టె ఒకటి లేచి, దీనికి జత ఈ చోట లేదంది.

వెనుక మిషన్ల మీద ఉన్న ఇద్దరిలో సారక్క కుట్టుడు ఆపి, పక్కనున్న నర్సవ్వతో గట్టిగానే అంది.

"గంగన్న గా డబ్బా దిక్కు చూసినట్టు ఎల్లవ్వ దిక్కు చూసుంటే, ఆమె భీవండి ఎందుకు పోతుండె?"

నర్సవ్వ ఆమె మోకాలి మీద ఒకటి చరిచింది. "ఇనబడతది, ఊకో."

"ఇనబడితే ఇంత గట్టిగ ఎందుకంట?"

గంగారాముకు మాటలు వినపడలేదు. నవ్వు వినపడినట్టుంది, లేక నవ్వు ఉన్నట్టు తోచింది. ఎవరి నవ్వుకైనా అతను ఒక్కలాగే తల ఊపుతాడు. ఇప్పుడూ ఊపాడు.

సిరిసిల్ల నుంచి కుర్రతనంలోనే సూరత్ వచ్చాడు. లింబాయత్ కార్ఖానాలో ఇరవై నాలుగు గంటలూ కొట్టుకునే సాంచెల మధ్య నిలబడి చెవులు రెండూ వాటికే అప్పజెప్పాడు. చెవులు తగ్గాక దారం తెగిన చప్పుడు పోల్చుకోలేకపోయాడు. తెగిన దారం మీదే సాంచె నడిచి తానులు పాడయ్యాయి. ఉధనా దరవాజా దగ్గర పాత సామాను దుకాణంలో చచ్చిన కంప్యూటర్లను తూకానికి కొని విప్పి చూడటం అప్పుడు మొదలుపెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం కూడా వాటి తెరల మీదే నేర్చుకున్నాడు. చెప్పేవాళ్ళు లేరు. ఉన్నా వినే వీలు లేదు. తెర మీద ఉన్నది మెల్లగానైనా చదవగలడు గనుక ఆ పని అతనికి కుదిరింది.

ఇంట్లో మాత్రం తెర లేదు. భార్య ఎల్లవ్వ ఏం చెప్పాలన్నా గొంతు పెంచాలి. వాళ్ళుండే డిండోలి గదుల మధ్య గోడలు ఇటుక మందమే. కడుపునొప్పి అని చెప్పినా, అన్నం మీద అలిగినా, రాత్రి పూట దగ్గరికి రమ్మన్నా వాడంతటికీ తెలిసిపోయేది. "నీకో మాట చెప్పాల్నంటే బస్తీకి చెప్పినట్టే అయితాంది," అని ఒకసారి అంది. ఆ మాటా గట్టిగానే అనాల్సి వచ్చింది. మెల్లమెల్లగా ఆమె గుట్టు మాటలు చెప్పడం మానేసింది. కొంతకాలానికి మామూలు మాటలు కూడా పోయాయి. భీవండిలో తమ్ముడి ఇంట్లో పెళ్ళికని వెళ్ళింది, తిరిగి రాలేదు. కొట్లాట జరగలేదు. జరిగి ఉంటే సర్దిచెప్పడానికి ఎవరో ఒకరు వచ్చేవారు.

గంగారాం తెర మీద ఎడమ మూల నొక్కాడు. పైకి లేచిన పట్టీ మీద ఇంగ్లీషులో ఒక పేరు ఉంది. దాన్ని చూసి అతని వేలు ఆగింది. శేషారత్నం అని ఉందక్కడ.

"అమ్మా, అప్పుడు ఈ పేరు లేకుండె గదా?"

లేదని ఆమె ఒప్పుకుంది. లాభ్ పాంచమ్ నాడు కౌండిన్య పెట్టాడని చెప్పింది. దీపావళికి మూసిన దుకాణాలను ఊరంతా మళ్ళీ తెరిచేది ఆ రోజే. గడపకు తోరణం కట్టి, కొత్త లెక్కలు మొదలుపెడతారు. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్న ఈ ఇంట్లోనూ ఆ అలవాటుంది. తండ్రి లేని మొదటి లాభ్ పాంచమ్ అది. ఇకనుంచి వ్యాపారం అమ్మది కాబట్టి కంప్యూటర్ కూడా అమ్మ పేరుతోనే తెరుచుకోవాలని కొడుకు ఆమె పేరుతో కొత్త లాగిన్ చేశాడు. తెర అంచుకు కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. ఆ బొట్టు ఇంకా ఉంది. ఇందాక దుమ్ము తుడిచేటప్పుడు గంగారాం దాన్ని తప్పించి చుట్టూ తుడిచాడు.

మెషిన్ మార్చవద్దని చెప్పాడు. లోపల మనిషి మారకూడదని చెప్పలేదు. ఒకే యంత్రంలో ఇద్దరి పేర్లుంటే దానికి అవి రెండు ఇళ్ళు. ఒక ఇంట్లో దాచింది రెండో ఇంటికి కనపడదు.

"నేను చెప్పింది సగమేనమ్మా," అన్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. చెవి సార్ ఇంట్ల ఉన్నది."

అతను ఆమె లాగిన్ నుంచి బయటికి వచ్చాడు. నీలం తెర మీద రెండు బొమ్మలు నిలిచాయి. ఒకటి పువ్వు, దాని పక్కన శేషారత్నం పేరు. రెండోది పసుపుపచ్చ రబ్బరు బాతు, దాని పక్కన త్రివిక్రమరావు పేరు. రైల్వేలో ముప్పై ఏళ్ళు సరుకు లెక్క చూసిన మనిషి తనకోసం బాతును ఎంచుకున్నాడు. దీపావళికి ముందు ఈ తెర మీద బాతు ఒక్కటే ఉండేది. ఆ రోజు దాని మీద నొక్కి, కీబోర్డు ఆమె వైపు జరిపి, గంగారాం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరు పాస్‌వర్డు కొడుతున్నా అలాగే తిరుగుతాడు. పక్కకు చూస్తే సరిపోతుంది, అయినా పూర్తిగా గోడకే తిరుగుతాడు. ఆమె కొట్టి, అయిందని అతని భుజం దగ్గరికి వచ్చి చెప్పింది.

ఇప్పుడూ కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగాడు. ఆమె కొట్టింది. బాతు ఇల్లు తెరుచుకుంది. అతను సర్టిఫికెట్ మీద నొక్కాడు.

ఈసారి లేచిన పెట్టెలో మాట వేరే. జత ఉంది, తెరవడం చేతకాలేదు, అని.

గంగారాం మళ్ళీ నొక్కాడు. యంత్రం ఆపి మళ్ళీ వెలిగించి నొక్కాడు. దాచిన అర్జీల జాబితా తెరిచి చూశాడు. దీపావళి ముందటి తేదీతో అర్జీ అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. లోపల వస్తువు ఉంది, కదిలిస్తే చప్పుడవుతోంది, మూత రావటం లేదు. ఇలాంటిది అతను ఇదివరకు చూడలేదు.

ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఫోన్ గొంతు పెంచి పెట్టుకుంటాడు కాబట్టి అవతలి మాటలు గదంతా విన్నారు. పాతది రద్దు చేసి మళ్ళీ అర్జీ పెట్టడం తప్ప దారి లేదు, వారం పడుతుంది, అని ఏజెంటు గుజరాతీలో చెప్పాడు. శేషారత్నం చేతిలో కొలత టేపు కదలడం ఆగిపోయింది. సారక్క మిషను కూడా ఆగింది.

గంగారాం ఫోన్ జేబులో పెట్టుకుని తెర మీది మాటను మళ్ళీ కూడబలుక్కున్నాడు. ఆ తరువాత మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు మీరు కొట్టిన పాస్‌వర్డు, అప్పుడు కొట్టిందేనా అమ్మా?"

కాదంది ఆమె. తండ్రి ఫోటోలు తీసుకోవాలని కౌండిన్య పాత పాస్‌వర్డు అడిగాడట. తనకు తెలియదని చెప్పిందట. దాంతో అతను వేరే దారిన వెళ్ళి, పాతది అడగకుండానే కొత్తది పెట్టేశాడట. ఫోటోలు బాగానే వచ్చాయట. ఇదంతా ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. పాత పాస్‌వర్డును ఇదే గదిలో ఆమె స్వయంగా కొట్టిన సంగతి గంగారాముకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు.

"బాబు చేసింది తప్పు కాదమ్మా. ఫోటోలకు ఆ దారి సరే. దీనికి చాలకపోవచ్చు. నేను ఇంటికాడ ఒకసారి చేసి చూస్త. మీ మెషిన్ మీద ప్రయోగం చెయ్య. పొద్దున్నే వస్త."

షేర్ రిక్షాలో ఎనిమిదిమంది మధ్య ఇరుక్కుని డిండోలి చేరాడు. పక్కనున్న ఒడియా కుర్రాళ్ళు ఏదో చెప్పుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పెదవులు చూస్తే హిందీ అయితే కొంత పోల్చుకుంటాడు, ఒడియా అయితే అదీ లేదు. గదిలో మంచం ఒక వైపు, మిగతా మూడు వైపులా విప్పిన కంప్యూటర్లు. పొద్దున వండుకున్న అన్నంలో పచ్చడి కలుపుకుని, నిలబడే తిన్నాడు. ఎల్లవ్వ ఉన్నప్పుడు గోడకు కొట్టిన మేకుకు ఇప్పుడు తీగల చుట్ట వేలాడుతోంది.

శేషారత్నం యంత్రం వయసే ఉన్న పాతదాన్ని ఒకదాన్ని ఎంచి వెలిగించాడు. అదే విండోస్, అదే పాత బ్రౌజరు. దానిలో ఒక కొత్త పేరుతో లాగిన్ చేశాడు. పాస్‌వర్డు ఏం పెట్టాలో ఆలోచించే లోపలే వేళ్ళు 'ఎల్లవ్వ' అని కొట్టేశాయి. పోనీలే అనుకున్నాడు. ఆ లాగిన్లో ఒక ఉత్తుత్తి తాళంచెవిని పుట్టించాడు. తెరిచి చూస్తే తెరుచుకుంది.

ఆ తరువాత కౌండిన్య వెళ్ళిన దారినే వెళ్ళాడు. పాతది అడగకుండా పైనుంచి కొత్త పాస్‌వర్డు పెట్టాడు. యంత్రం ఒక హెచ్చరిక చూపించింది. హెచ్చరికలను ఎవరూ చదవరు. గంగారాం కూడబలుక్కుంటూ చదివాడు. ఇలా మారిస్తే ఈ మనిషి దాచుకున్నవి కొన్ని పోతాయని దానిలో రాసి ఉంది. సరేనని నొక్కి, లోపలికి వెళ్ళి తాళంచెవిని అడిగాడు. ఉంది, తెరవలేను, అంది. శేషారత్నం ఇంట్లో చూసిన మాటే.

అతను వెనక్కి ఆనుకుని ఆలోచించాడు. యంత్రం ఆ చెవిని ఒక పెట్టెలో పెట్టి, ఆ మనిషి పాస్‌వర్డుతోనే మూత బిగించింది. మనిషే వచ్చి, పాతది చెప్పి కొత్తది పెట్టుకుంటే పెట్టె మూత కూడా మార్చి బిగించేది. పైనుంచి వేరేవాళ్ళు మారిస్తే ఇంటి తలుపు మారింది గానీ, లోపలి పెట్టెకు ఆ సంగతి తెలియదు. అది పాత మాట కోసమే కూర్చుని ఉంది. అలాగైతే పాత మాటనే తిరిగి పెడితే?

మళ్ళీ పైనుంచి వెళ్ళి, 'ఎల్లవ్వ' అని కొట్టాడు. లోపలికి వెళ్ళి అడిగాడు.

తెరుచుకుంది.

ఒకసారి అయింది కదా అని ఊరుకునే అలవాటు లేదు. మళ్ళీ మార్చాడు, మూసుకుంది. మళ్ళీ ఆ పేరు పెట్టాడు, తెరుచుకుంది. అలా కొట్టినప్పుడల్లా తెర మీద అక్షరాలకు బదులు నల్లటి చుక్కలు పడ్డాయి. బయట పొద్దు వాలుతోంది, నీళ్ళ ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళ బిందెలు వరసలో ఉన్నాయి. గంగారాం పని అయిపోయాక కూడా యంత్రం ఆపకుండా కొంతసేపు కూర్చున్నాడు. భీవండికి ఫోన్ చేయవచ్చు. ఎల్లవ్వ ఫోనులో అరవాలి, అక్కడి వాడ వింటుంది. ఇక్కడి వాడా వింటుంది. అతను ఫోన్ బయటికి తీయలేదు.

మర్నాడు పొద్దున అతను వెళ్ళేసరికి శేషారత్నం టెండరు కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి సిద్ధంగా ఉంచింది. సారక్క, నర్సవ్వ మిషన్ల ముందు కూర్చున్నారు గానీ గుడ్డ కదలటం లేదు. గంగారాం ఫ్యాన్ ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని, చేసి చూసినదంతా చెప్పాడు. చివరకు మిగిలింది ఒక్కటే. పాత పాస్‌వర్డు కావాలి.

"నాకు గుర్తులేదండీ," అంది శేషారత్నం.

కొడుకుకు చెప్పిన జవాబే ఇక్కడా చెప్పింది. ఆమె చెవులు ఎర్రబడటం గంగారాం చూశాడు. చప్పుళ్ళు తగ్గినవాడికి ఇలాంటివి తొందరగా కనపడతాయి. అప్పుడు మీరే కదా కొట్టింది అని ఒక్క మాట అంటే అయిపోతుంది. అనలేదు. చూపు కీబోర్డు మీదికి దించుకుని మాట్లాడాడు.

"నాకు చెప్పే పని లేదమ్మా. ఎవ్వరికీ చెప్పే పని లేదు. పాస్‌వర్డు పెట్టే చోటు నేను తెరిచి ఇస్త. యాదికొస్తే మీరు కొట్టుండ్రి. అక్షరాలు కనబడవు, చుక్కలే పడతయి. నేను గోడ దిక్కు ఉంట. నా చెవుల సంగతి మీకు ఎరికే."

ఆమె వెనక్కి చూసింది. సారక్క ఆ చూపును పట్టేసింది.

"లేవే నర్సవ్వా, చాయ్ తెద్దాం."

"ఇద్దరం ఎందుకే? కేట్లి ఒక్కటే గదా."

"ఒకలు కేట్లి పట్టాలె, ఒకలు నోరు ముయ్యాలె. నడువు."

నర్సవ్వ గొణుగుతూనే చెప్పులు వేసుకుంది. వాళ్ళు వెళ్ళాక శేషారత్నం తలుపు దగ్గరగా వేసింది. గంగారాం కావలసిన చోటు తెరిచి, కుర్చీ వదిలి, గోడవైపు తిరిగాడు.

గోడ మీద దర్జీ సుద్దతో వేసిన కొలతలు ఉన్నాయి. మంచం పొడవు, దిండు వెడల్పు. అంకెలు నిటారుగా, ఒకే ఎత్తులో ఉన్నాయి. త్రివిక్రమరావు చేతిరాత అయి ఉంటుంది, సరుకు లెక్క రాసిన చెయ్యి. వాటిని ఎవరూ చెరపకుండా, వాటి పక్కన ఎవరూ కొత్తవి రాయకుండా వదిలేశారు. గంగారాం వాటిని పై నుంచి కింది దాకా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వెనుక ఏం జరుగుతోందో తెలియదు. కీబోర్డు చప్పుడు అతని దాకా రాదు. ఆమె కొడుతోందో, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుందో, ఏడుస్తోందో తెలుసుకోవాలంటే తిరిగి చూడాలి. తిరగలేదు.

గోడకు తగిలించి ఉన్న చిన్న అద్దంలో ఒక మూల ఆమె ముఖం పడింది. అనుకోకుండా పడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. కొట్టబోయే మాటను ముందుగా తనలో తాను అనుకుంటున్నట్టుంది. కొట్టడానికి అంతసేపు పట్టేంత పెద్ద మాట కాదని తెలుస్తూనే ఉంది. గంగారాం కళ్ళు మూసుకున్నాడు. పెదవులు చదవడం వచ్చినవాడికి చెవులు లేకపోవడం సాకు కాదు.

భుజం మీద చెయ్యి పడేదాకా అలాగే నిలబడ్డాడు. "అయిందండీ," అంది ఆమె, అతనికి వినపడేంత గట్టిగా.

బాతు మీద నొక్కారు. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఆమె కొట్టింది, మళ్ళీ అతను తిరిగాడు. ఇల్లు తెరుచుకుంది. గంగారాం పాత బ్రౌజరు తెరిచి, సర్టిఫికెట్ మీద చూపుడువేలితో ఒక్కసారి నొక్కాడు. లోపల డిస్కు తిరిగింది, ఎర్ర దీపం రెండుసార్లు మిణుకుమంది. చిన్న పెట్టె లేచింది. అందులో ఉన్నది ఒక్క ముక్కే. చేరింది, అని.

జాబితా తెరిచి చూపించాడు. శేషారత్నం పేరున్న సర్టిఫికెట్ మూలన, ఆవగింజంత పసుపుపచ్చ తాళంచెవి గుర్తు పడి ఉంది. నిన్నటిదాకా అది లేదు. ఆమె తెర దగ్గరికి వంగి దాన్ని చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

మిగిలిన పని గంగారాం ఒక్కొక్కటిగా చేశాడు. మొదట అర్జీ పెట్టిన రోజునే నకలు తీసుకునే వీలు ఉండేలా గుర్తు పెట్టి ఉంచాడు, ప్రతి ఇంట్లోనూ పెడతాడు. ఇప్పుడు చెవినీ సర్టిఫికెటునూ కలిపి ఒక సీడీ మీదికి నకలు తీశాడు. దానికి వేరే పాస్‌వర్డు పెట్టమన్నాడు, గోడకు తిరిగాడు. ఈసారి ఆమె చప్పున కొట్టేసింది. ఆ సీడీ నుంచి పువ్వు బొమ్మ ఇంట్లోకి, ఆమె పేరు మీద ఉన్న లాగిన్లోకి దింపాడు. అక్కడా తాళంచెవి గుర్తు పడింది. ఇక బాతు అవసరం లేదు.

"అమ్మా, సార్ లాగిన్ తీసెయ్యాల్నా? పని లేదు ఇగ దాంతోని."

"ఉండనివ్వండి."

"పాస్‌వర్డు? బాబు పెట్టిందే మళ్ళ పెట్టాల్నా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడున్నదే ఉండాలి."

గంగారాం సరేనన్నాడు. ఈ మాట కౌండిన్యకు ఎవరు చెబుతారో, ఏమని చెబుతారో అతని పని కాదు.

టెండరు పేజీని ఆమె లాగిన్లో, పాత బ్రౌజరులోనే తెరిచి, మౌసు ఆమె చేతికి ఇచ్చాడు. కాగితాలు ఒక్కొక్కటీ ఎక్కాయి. చివర సంతకం అడిగింది. ఆమె తన పేరు ఎంచి నొక్కింది. పేజీ తెల్లబడి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఉధనాలో ఇంటర్నెట్టు నడిచే తీరు అంతే. గంగారాం ఆ తెల్లదనాన్ని చూస్తూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరకు పచ్చటి పట్టీ ఒకటి వచ్చి, మీ టెండరు అందింది అంది. గడువుకు ఇంకా వేళ ఉంది.

తలుపు తోసుకుని సారక్క లోపలికి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా చాయ్ పోసింది. నర్సవ్వ తన మిషను మీద కూర్చుని గుడ్డను సూది కిందికి లాగి కుట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నేల గుండా గంగారాం పాదాలకు తెలిసింది. సాంచె చప్పుడు కూడా ఇప్పుడతనికి అలాగే తెలుస్తుంది.

శేషారత్నం అతనితో ఏదో అంది. మెల్లగా అంది, మనుషులు పక్కనున్నవాళ్ళతో అనుకునేంత మెల్లగా. అతని సంగతి మరిచిపోయి అన్నట్టుంది. గంగారాం చూపు ఆమె పెదవుల మీదికి పోలేదు. మళ్ళీ చెప్పమని అడగనూ లేదు. తల ఊపి, సీడీని తీసి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి గీతలు లేవని చూసుకున్నాడు. రెండు అంచుల మధ్య పట్టుకుని ఆమెకు అందించాడు.

"ఇదొక్కటే నకలు అమ్మా. నా తాన ఏం లేదు. మెషిన్ మారినా, లాగిన్ మారినా ఇది ఉంటే చాలు. దీని పాస్‌వర్డు మాత్రం మీ యాదిలనే ఉండాలె."

ఆమె రెండు చేతులతో అందుకుంది. కొత్తగా కుట్టిన దిండు గలీబు ఒకటి తీసి, సీడీని దాని లోపల పెట్టి మడిచింది.